వసుమతి పప్పులో ఉప్పు

వసుమతి వండిన పప్పు దగ్గర ఎవరైనా అబద్ధమాడితే అందులో ఉప్పు పోతుంది. తెలిసి ఆడినా అంతే, తెలియక ఆడినా అంతే; నిజం చెబితే మళ్ళీ వస్తుంది. అమెరికాలో వాళ్ళుండే అల్ఫారెట్టా ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఆడపడుచు చాముండేశ్వరి అయితే హ్యాండ్‌బ్యాగ్‌లో ఊరగాయ సీసా వేసుకుని మరీ వాళ్ళింటికి భోజనానికొస్తుంది.

ఈ నెలంతా పప్పు చప్పనే. వసుమతి బిడ్డ అవనికి పదిహేనేళ్ళు, శనివారం వోణీల ఫంక్షన్. స్టవ్ దగ్గర నిలబడి "మా అమ్మాయి ఫంక్షన్‌కి తప్పకుండా రావాలి" అని వసుమతి ఫోన్లో పిలిచినప్పుడల్లా ఉప్పు మాయం.

"ఎందుకు పోతోందో నాకు తెలుసమ్మా. నేను గర్ల్ కాదు." అవని చూపు పప్పు గిన్నె మీదే.

వసుమతి వెంటనే మూత తీసింది. గరిటెతో పప్పు తీసి నాలుక మీద వేసుకుంది. ఉప్పు తగిలింది.

"అయితే అబ్బాయివన్నమాట."

మళ్ళీ చప్పన.

"ఏ జెండరూ లేకపోతే ఏజెండర్ అంటారు. నేను అదేమో."

అదీ చప్పనే.

"ఒక్కోసారి రెండూ, ఒక్కోసారి ఏదీ కాదు. జెండర్‌క్వీర్."

పప్పు అమృతంలా ఉంది.

"ఎన్ని మాటలురా నాన్నా, తల తిరుగుతోంది."

"నాకూ అంతేనమ్మా. నెక్స్ట్ ఇయర్ ఇంకో మాట సరిపోవచ్చు."

"అప్పుడు మళ్ళీ రుచి చూద్దాంలే."

వసుమతి భర్త భాస్కర్ మాత్రం ససేమిరా అన్నాడు. "హాల్ బుక్ చేశాం. ఆ ఒక్కరోజూ అమ్మాయి అనుకుంటే ఏం పోయింది?"

"పరువు పోతుంది వదినా," అని చాముండేశ్వరి వంత పాడింది. ఇద్దరూ కలిసి వసుమతి నోరు మూయించారు.

శనివారం కేటరింగ్ పెట్టినా, పప్పు మాత్రం వసుమతే వండి తెచ్చింది. భోజనాలు నడుస్తుండగా భాస్కర్ మైకు పట్టుకున్నాడు.

"మా అమ్మాయి అవని..."

అందరి చేతులూ ప్లేట్లలో ఆగిపోయాయి. స్టేజి పక్కన వోణీలో అవని, తల ఎత్తకుండా. ఆ వంచిన మెడ చూసి వసుమతికి ఒళ్ళు మండిపోయింది. మైకు లాక్కుంది.

"మా అవని అమ్మాయి కాదు, అబ్బాయీ కాదు. జెండర్‌క్వీర్. ఆ మాట నేనూ మొన్ననే నేర్చుకున్నాను, మీరూ నేర్చుకోండి. ఇష్టం లేనివాళ్ళు చప్పిడి తినండి. పో నాన్నా, నీకు నచ్చింది వేసుకుని రా."

భాస్కర్ తన ప్లేటు ముందు కూర్చుని పప్పన్నం ఒక ముద్ద తిన్నాడు, ఇంకొకటి తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అక్షింతల పళ్ళెం అందుకున్నాడు. ఈలోగా జీన్స్, కుర్తాలో అవని స్టేజి మీదికి.

"మా అవని," అన్నాడు మైకులో, ఇంకేమీ కలపకుండా.

చాముండేశ్వరి ఊరగాయ సీసా మూత బిగించి, పప్పు మారు వేయించుకుంది.