నాకు వదిలిన జాగా

సూరత్ రింగ్ రోడ్డు చీరల మార్కెట్‌లో నీడలు వేయడంలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. ఇతరులకు ఆ నమ్మకం ఎంతవరకు ఉందో నేనెప్పుడూ అడగలేదు. చీర కట్టుకున్న అమ్మాయి మా స్టూడియోలో పచ్చ తెర ముందు నిలబడుతుంది. ఆమెను కంప్యూటర్‌లో కత్తిరించి ఏ రాజమహల్ మెట్ల మీదో, కేరళ పడవలోనో నిలబెట్టేది నేను. మహల్లో ఎండ ఎడమ నుంచి పడితే అమ్మాయి ముక్కుకు కుడివైపు నీడ ఉండాలి. కాళ్ల దగ్గర నీడ చిక్కగా మొదలై పోనుపోను పలచబడాలి. లేకపోతే మనిషి నేలకు ఆనదు, గాలిలో తేలుతుంది. ఈ సంగతి కింద టీ కొట్టు అతనికి చాలాసార్లు చెప్పాను. ఇప్పుడు నన్ను చూడగానే పాలు పొంగుతున్నాయంటూ లోపలికి పోతున్నాడు.

మగ్గాల పనికి సిరిసిల్ల నుంచి వచ్చిన కుటుంబం మాది. మా బతుకమ్మ పండుగా, దీపావళి చీరల కేటలాగుల హడావుడీ ఒకేసారి వస్తాయి. అప్పుడు స్టూడియోలోనే పడుకుంటాను. దీపావళి పోతే పెళ్లిళ్ల సీజను. అందుకని సూరత్ శివార్లలో, కామ్‌రేజ్‌లోని మా ఇంట్లో ఏ వేడుకకూ నేను ఉండను, కానీ ప్రతి ఫోటోలోనూ ఉంటాను. ఏర్పాటు అలాంటిది. నా భార్య హారతి, కూతురు ఇందుజ తమ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా వదిలి ఫోటో దిగుతారు. హారతి ఆ ఫోటో పంపితే, స్టూడియోలో నన్ను నేను ఫోటో తీసుకుని, వెలుగు సరిచూసి, ఆ జాగాలో చేరిపోతాను. ఇందుజ బడిలో చేరిన రోజు అలాగే ఉన్నాను. డుమస్ సముద్రం దగ్గరా ఉన్నాను. ఆ నల్లటి ఇసుక మీద నా నీడ కనబడేలా చేసినందుకు ఇప్పటికీ నన్ను నేనే మెచ్చుకుంటాను. కాళ్లు తడిసింది మాత్రం వాళ్లవే.

ఈసారి పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ ఫోటో వచ్చింది. అందులో జాగా లేదు.

తల్లీకూతుళ్లు భుజాలు ఆనించుకుని, బతుకమ్మను ఇద్దరూ కలిసి పట్టుకుని నవ్వుతున్నారు. నాకు ముందు బాధ కలగలేదు, పని గుర్తొచ్చింది. హారతిని కాస్త పక్కకు జరుపుదామనుకున్నాను. కానీ సాయంత్రపు ఎండకి ఆమె నీడ పొడుగ్గా సాగి ఇందుజ నీడలో కలిసిపోయింది. ఎక్కడ కోసినా ఇద్దరిలో ఒకరు పాడవుతారు. ఫోన్ చేశాను.

"ఏందే, ఈసారి జాగా ఇడ్వలే? నా మీద కోపమొచ్చిందా?"

"కోపమెందుకు? అయ్యో, యాదికే రాలే," అంది హారతి. ఆ గొంతులో అబద్ధం లేదు. "గా పక్కకు ఏసుకోరాదు? నీకు వస్తది గదా."

కోపమొచ్చిందంటే బతిమాలేవాణ్ని, ఆ విద్యలో నాకు మంచి అనుభవమే ఉంది. మరిచిపోయిన మనిషిని ఏమని బతిమాలాలి? పాత ఫోటోలు తెరిచాను. నాకు జాగా వదిలిన ప్రతి ఫోటోలోనూ వాళ్లిద్దరూ బస్సు సీటు మీద రుమాలు వేసి కాపలా కాస్తున్నట్టు బిగుసుకుపోయి ఉన్నారు. ఇన్నేళ్లూ వాళ్ల నీడలే చూశాను, మొహాలు చూడలేదు. నిజంగా భయం వేసింది. నేను లేని ఫోటోలోనే వాళ్లు బాగున్నారు.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నమే స్టూడియో నుంచి బయలుదేరాను.

"ఉమాభాయ్, మహల్ ఖాలీ పడా హై!" అని వెనకనుంచి స్టూడియో యజమాని సేఠ్ అరిచాడు, మహల్ బొమ్మలో ఇంకా అమ్మాయిని నిలబెట్టలేదని. అరవనిచ్చాను.

ఇంటికి చేరేసరికి ఎండ వాలుతోంది. పక్కింటి ఊర్మిళ ఫోటో తీయడానికి ఫోన్ పట్టుకుని ఉంది. నేను పరుగున వెళ్లి ఇందుజ పక్కన, ఎండ వచ్చే వైపు, ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. అసలు మనిషినే వచ్చేశానని నాకు ఒకటే సంబరం.

"పప్పా, థోడా జరుగు," అంది ఇందుజ. "నీ నీడ మొత్తం నా మొహం మీదనే పడ్తంది."

ఊర్మిళ ఫోన్ దించింది. హారతి నా వైపు చూసింది. ఎటు జరగాలో నాకు తెలియలేదు.