పైకెళ్ళే బస్సెక్కిన గళ్ళ తువ్వాలు

నేను ఒక గళ్ళ తువ్వాలునండీ. ఎరుపు, తెలుపు గళ్ళు. ఇప్పుడు ఎరుపేదో తెలుపేదో చెప్పమంటే నేనే తడుముకోవాలి గానీ, మగ్గం దిగిన రోజున చూసినవాళ్ళు చెయ్యి వేసి నిమరకుండా ఉండలేదు. నన్ను నేసిన ముసలాయన పేరు నాకు తెలియదు. మగ్గంలో నూలు నాడె విసిరినప్పుడల్లా దగ్గేవాడు. ఇన్నేళ్ళు చిరగకుండా ఉన్నానంటే అంతా ఆయన చేతి చలవే.

రాజమండ్రిలో నన్ను కొన్న మనిషి అబ్బులు. బియ్యం కొట్ల దగ్గర బస్తాలు మోస్తాడు. నన్ను మడతపెట్టి భుజాన వేసి, నా మీద బస్తా ఎత్తుకునేవాడు. మనుషుల వింత చూడండి. ఆరు రోజులు బరువుతో నడిచినవాడు ఏడో రోజు ఇంట్లో పడుకోవాలి కదా? పడుకోడు. ఒట్టి చేతులతో నడవాలని ఉందంటూ అడవికి పోతాడు. అదీ బస్సు టికెట్టు పెట్టుకుని మరీ!

తోడు బామ్మర్ది చిట్టబ్బాయి. దర్జీ. మిషను ముందు కూర్చుని కూర్చుని కాళ్ళు బిగుసుకుపోయాయని ఈయన గోల. ఇద్దరూ ఆదివారం తెల్లారకముందే పల్లెవెలుగు బస్సెక్కి ఏజెన్సీ వైపు పోయేవారు. కొండ మొదట్లో దిగి, వాగు వెంటే నడిచి, మధ్యాహ్నానికి ఇప్పలపాడు సంతలో తేలేవారు. అక్కడ తిరుగు బస్సు.

ఆ నడకలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు చల్లబడుతుంది. పొద్దున్నే వాగు మీద పొగలా మంచు. టేకాకుల మీద నడుస్తుంటే అప్పడాలు విరిగిన చప్పుడు. ఎండాకాలం మొదట్లో ఇప్పపూల వాసన ఎంత మత్తుగా ఉండేదంటే, అబ్బులు ఊరికే నవ్వేవాడు. పులిహోర మూట నేనే, తలపాగా నేనే, వాగులో తడిపి మెడకి చుట్టుకుంటే ఏసీ కూడా నేనే.

తిరుగు బస్సుకి ఒక పద్ధతి ఉంది. మీకూ తెలిసే ఉంటుంది. బస్సు ఆగకముందే పరుగెత్తి కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు మనదే. ఏ చట్టంలోనూ రాసిలేదు గానీ, ఎంత పెద్ద మనిషైనా ఆ తువ్వాలు తీసి కూర్చోడు. మా వాళ్ళు పని పంచుకునేవారు. చిట్టబ్బాయి బోర్డు చదివేవాడు, అబ్బులు పరుగెత్తేవాడు, నేను ఎగిరేదాన్ని.

ఇలా ఉండగా చిట్టబ్బాయికి చూపు పక్కల నుంచి మూసుకుపోవడం మొదలైంది. గొట్టంలోంచి చూసినట్టు ఉందనేవాడు. ఇది ఆగే జబ్బు కాదని డాక్టరు చెప్పేశాడు. మిషను అమ్మేశాడు. నడక మాత్రం వదల్లేదు. ఆరు రోజులు అరుగు మీద కూర్చుని ఆదివారం కోసం ఎదురుచూసేవాడు. కానీ చెయ్యి పట్టుకోనివ్వడు.

"చంటిపిల్లోణ్ణి నడిపించినట్టు నడిపించకు బావా. ఊరంతా చూత్తారు."

"ఇక్కడ ఊరెక్కడుందిరా? కోతులున్నాయి."

"కోతులు మాత్తరం చూడవేటి?"

అబ్బులు భుజం మీంచి నన్ను తీశాడు. "సరే గానీ, ఈ తువ్వాలు ఓ కొస నువ్వు పట్టుకో. ఎండలో ఆరాలి" అన్నాడు. నేను అప్పటికి తడిగా లేను. చిట్టబ్బాయికీ ఆ సంగతి తెలుసు. అయినా పట్టుకున్నాడు. అప్పటి నుంచి ఏడాదిపాటు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. ఒకసారి లాగితే రాయి, రెండుసార్లు లాగితే నీళ్ళు. చేతులు కలవకుండా చెయ్యి పట్టుకోవడం మనుషులకే చాతనవుతుంది.

ఒక ఆదివారం వాగులో చిట్టబ్బాయి జారిపడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది. ఆ వారమంతా అబ్బులు భార్య నూకరత్నం కొంగు దోపుకునే తిరిగింది. చిట్టబ్బాయికి ఆవిడ అక్క.

"ఇంకొక్క ఆదివారం. దీపాలెట్టే వేళకి మా తమ్ముడు ఒంటి మీద గీత పడకుండా గుమ్మంలో ఉండాల. లేదంటే ఇద్దరికీ బస్సు మొకం చూపించను."

అక్క మాట అంటే మాటే. ఆదివారం కూడా పోతే చిట్టబ్బాయికి ఇక మిగిలేది అరుగే.

ఆ చివరి ఆదివారం అడవిలో అంతా బాగానే జరిగింది. వాగు దాటారు, పులిహోర తిన్నారు, వేళకే ఇప్పలపాడు చేరారు. చిట్టబ్బాయిని ఒక రాయి మీద కూర్చోబెట్టి అబ్బులు రోడ్డు మీద నిలబడ్డాడు. దుమ్ము రేపుకుంటూ బస్సొచ్చింది. అంతవరకూ ఎలాగోలా బోర్డు చదివిన చిట్టబ్బాయికి ఆ దుమ్ములో అక్షరాలు ఆనలేదు.

"బోర్డు చూశావా బావా?" అని అరిచాడు చిట్టబ్బాయి.

"చూశాన్రా!"

అబ్బులు పరుగెత్తి నన్ను విసిరాడు. మూడో కిటికీ. చక్కగా సీటు మధ్యలో పడ్డాను. అబ్బులు బామ్మర్దిని తీసుకురావడానికి వెనక్కి వెళ్ళాడో లేదో, ఒకావిడ చింతపండు గంప తెచ్చి నా మీదే దించింది. బస్సు కదిలింది.

"ఆపండెహే! మా తువ్వాలు!" అబ్బులు పరుగెత్తుకొచ్చాడు.

కండక్టరు తలుపులోంచి తల బయటపెట్టాడు. "ఇది కొండ మీదకెళ్ళే బండయ్యా. రాత్రికి అక్కడే ఉంటది. రాజమండ్రి బండి వెనకాలొత్తంది. బోర్డు చూడలేదా?"

చిట్టబ్బాయి గొంతు వినిపించింది. "చూశానన్నావు కదా బావా!"

"చూశాన్రా." అబ్బులు గొంతు చిన్నదైపోయింది. "సదవలేదు. నాకు సదవడం రాదు."

రోజూ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చునే మనిషండీ! ఇన్నేళ్ళూ బోర్డు బామ్మర్ది చేత చదివించింది మర్యాద కోసం కాదన్నమాట. నేను వెనక్కి చూశాను. చిట్టబ్బాయి నిలబడి, నా కొస కోసం గాలిలో తడుముతున్నాడు. అంతే, బస్సు మలుపు తిరిగిపోయింది.

ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలుసు. కండక్టరు మంచివాడు, నన్ను ఉతికి తన సీటు వెనక కడ్డీకి కట్టాడు. ఏ ఊళ్ళో బస్సు ఆగినా నాకు ఒకటే బెంగ. చీకటి పడేలోపు చేరారా? అక్క ఏమంది? ఆ మనిషి ఇక అరుగు మీదేనా?

మళ్ళీ ఆదివారం ఇప్పలపాడులో బస్సు ఆగింది. సంతలో జనం. జనం మధ్యలోంచి ఒక గొంతు.

"ఇది మన బండి కాదక్కా. పైకెళ్ళేది. ఆ గేరు మూలుగు చూడు, కొండెక్కే బండి మూలుగు."

చిట్టబ్బాయి! పక్కనే నూకరత్నం. చెప్పులు చేతిలో ఉన్నాయి, చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. కళ్ళు చికిలించి బోర్డు కూడబలుక్కుంటోంది. "కొం...డ... ఆ, నిజమేరా. పైకెళ్ళేదే." తర్వాత మొగుడి వైపు తిరిగి, "పెళ్ళినాడు శుభలేఖ తలకిందులుగా పట్టుకున్నప్పుడే అనుకున్నాను, ఈయనగారి సదువు సంగతి" అంది.

"ఇరవై ఏడేళ్ళు చెప్పలేదేటే మరి?"

"నువ్వు దాచుకుంటుంటే నేనెందుకు బయటెట్టడం?"

కిందటి ఆదివారం రాజమండ్రి బండి ఆలస్యంగా వచ్చిందట. నేను లేక సీటు దొరక్క, రెండు గంటలు నిలబడి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టి చాలాసేపు అయిందట. నూకరత్నం తిట్టడానికి నోరు తెరిచి, ఇద్దరూ చేతులు పట్టుకుని గుమ్మం ఎక్కడం చూసి ఊరుకుందట. మర్నాడు, "ఒకడికి కనపడదు, ఒకడికి సదువు రాదు, మిమ్మల్ని ఎలా వదిలేది? నేనూ వత్తాను" అందట. ఇదంతా అబ్బులే కండక్టరుకి చెప్పాడు, నవ్వుతూ. చెబుతున్నంతసేపూ బామ్మర్ది చెయ్యి వదల్లేదు.

కండక్టరు నన్ను విప్పి ఇచ్చాడు. "టికెట్టు లేకుండా వారం తిరిగింది మీ తువ్వాలు."

అబ్బులు నన్ను అలవాటుగా చాచాడు. చిట్టబ్బాయి తడిమి, రెండు కొసలూ లాక్కుని ముఖం తుడుచుకుని, తన భుజాన వేసుకున్నాడు. ఆ రోజంతా ఒక్కసారైనా నా కొస ఎవరికీ ఇవ్వలేదు. నాకు కాస్త చిన్నతనంగా అనిపించిన మాట నిజం. కానీ ఆ భుజం మీద ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ తర్వాత ఆయన దగ్గరే నాలుగేళ్ళున్నాను. ఇప్పుడు నూకరత్నం వంటింట్లో మసిగుడ్డని. వేడి గిన్నెలు దింపుతాను. సగం మసి, సగం చిల్లులు. అయినా నేసిన చేతికి, మోసిన భుజాలకి, వారం రోజులు నన్ను దాచిన కండక్టరుకి మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఆదివారం నాకు సెలవండీ. ఆ రోజు ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. తాళం వేసి ముగ్గురూ తొలి బస్సుకి వెళ్ళిపోతారు.