గట్టు మీద వేపమండ

మా వీధిలో ఏ కోడలు నీళ్లోసుకున్నా ఆ ఇంటివాళ్లు ముందు నా అరుగు మీదికే వచ్చేవారు. ఏం పెట్టమంటావు జోహరా వదినా, ఏం వద్దంటావు అని అడిగేవారు. నేను వక్క నములుతూ చెప్పేదాన్ని. బొప్పాయి పేరెత్తితే కళ్లెర్ర చేసేదాన్ని. జంట అరటిపండు తింటే కవలలు పుడతారని చెప్పి ఎందరి చేతుల్లోంచో లాక్కున్నాను. ఎదురింటి శ్రీరమ్య నా మాట వినకుండా తినేసింది. దానికి ఒక్కడే పుట్టాడు. అయినా నా మాట తప్పని ఎవరూ అనలేదు. సగం పండు దాని మొగుడు తినుంటాడులే అని సర్దుకున్నారు. అంత నమ్మకం నా మీద.

మా అబ్బాయి షఫీక్ పెద్దకూతురు సమీరా ఏడో నెల రాగానే పొన్నూరు అత్తారింటి నుంచి మా ఇంటికి వచ్చింది. తొలి కానుపు. వాళ్లమ్మ షాహిస్తా పొద్దున్నే మిరపచేలోకి వెళ్లిపోతుంది కాబట్టి పిల్ల తిండి నా చేతుల్లో పడింది. నాకంటే బాగా ఎవరు చూస్తారని మురిసిపోయాను.

అది వచ్చిన వారానికే పక్కింటి అంకమ్మ కొంగు చాటున బొప్పాయిపండు పట్టుకొచ్చింది. వాళ్ల పెరట్లో చెట్టుది, పసుపుపచ్చగా మిలమిలలాడుతోంది. అరుగు మీద నలుగురు ఆడవాళ్లున్నారు. నేను ఆ పండు అందుకుని, అందరూ చూస్తుండగా తీసుకెళ్లి గేదె కుడితి తొట్టిలో పడేశాను.

"నీ కోడలికి పెట్టుకోక మా పిల్ల మీద పడ్డావేం అంకమ్మా" అన్నాను.

అంకమ్మ మొహం చిన్నబోయింది. అయినా ఊరుకునే మనిషి కాదు.

"గేదెకి వేశావు బానే ఉంది. అదీ సూడిదేగా వదినా."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "గేదె కడుపూ మనిషి కడుపూ ఒకటేనటే?" అన్నాను. ఆమె కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఆ మాట అన్న నోరు ఇదే.

ఆ రోజుల్లో మిరపకి నల్లతామర పురుగు తగిలింది. పూత పూతంతా మాడిపోతుంటే మావాడు మందు కొట్టే తైవాన్ పంపు భుజాన వేసుకుని చేను వదలకుండా తిరిగాడు. మందు కొట్టిన రోజున గట్టు మీద వేపమండ గుచ్చడం మా వైపు అలవాటు. ఆ మండ కనబడితే గడ్డి కోసేవాళ్లు అటు పోరు. ఆ గడ్డి తిని గేదె పడిపోతుందని అందరికీ భయం. ఎండి రాలిందాకా ఆ మండని పిల్లలు కూడా పీకరు.

షఫీక్ మందు కొట్టిన మర్నాడు గడ్డి కోసం నేనే వెళ్లాను. మా గట్టు మీద వేపమండ ఇంకా పచ్చగానే ఉంది. సూడి గేదె కదా అని, దాన్ని దాటుకుని కాలవ గట్టు దాకా నడిచి, అక్కడ మోపు కోసుకున్నాను. మోకాళ్లు నొప్పి పెట్టినా ఆగలేదు. తిరిగొచ్చేటప్పుడు మా గట్టు వెంట ఎర్రకాడ గోంగూర లేతగా కనబడింది. పుల్లగా ఏదన్నా తినాలనుంది నానమ్మా అని సమీరా రెండ్రోజులుగా అడుగుతోంది. బజారు కూర మీద ఏం కొడతారో ఏమో, ఇది మన చేలోది అనుకున్నాను. మండ పక్కనే మోపు దించి, వంగి ఒడినిండా కోసుకున్నాను. వేళ్లకి మందు వాసన అంటింది. పూతకాలంలో మా ఊళ్లో నీళ్లకీ బట్టలకీ కూడా ఆ వాసనే ఉంటుంది. అందుకని దాన్ని వాసన కింద లెక్కపెట్టలేదు.

ఒకసారి జాడించి పప్పులో వేశాను. షఫీక్, షాహిస్తా చేలోనే ఉన్నారు. నాకు గోంగూర పడదు. వేడన్నంలో నెయ్యి వేసి కలిపి, నా చేత్తోనే ముద్దలు పెట్టాను. "ఇంకో ముద్ద నానమ్మా" అని పిల్ల నోరు తెరుస్తుంటే కడుపు నిండిపోయింది నాకు.

పొద్దుగూకే వేళకి వాంతులు మొదలయ్యాయి. తల తిరుగుతోందంది. నోట్లోంచి నీళ్లు కారుతున్నాయి. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "మధ్యాన్నం నుంచి కదల్లేదు నానమ్మా" అంది నెమ్మదిగా. అప్పుడే చేలోంచి వచ్చిన వాళ్లమ్మా నాన్నా కాళ్లయినా కడుక్కోకుండా జాన్ బాషా ఆటోలో చిలకలూరిపేటకి బయల్దేరదీశారు. నా వెనకే, ఎవరూ పిలవకుండానే అంకమ్మ ఎక్కి కూర్చుంది. దారి పొడుగునా పిల్ల పాదాలు తన ఒళ్లో పెట్టుకుని రాస్తూనే ఉంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పిల్లని పడుకోబెట్టి, "ఏం తిన్నావమ్మా ఇవాళ?" అని అడిగింది.

సమీరా మొహం పక్కకి తిప్పుకుంది. షాహిస్తా కూతుర్ని పట్టి పట్టి చూసింది. "బొప్పాయి తిన్నావా?"

"రెండు ముక్కలు" అంది పిల్ల, కళ్లు దించుకుని. "నేనే అడిగాను. గోడ మీంచి ఇచ్చింది."

అందరం అంకమ్మ వైపు తిరిగాం. షాహిస్తా, "మా అత్త అంత గట్టిగా చెప్పినా నీకు మనసెలా ఒప్పిందత్తా?" అంది. మావాడు చూసిన చూపు చాలు. అంకమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ, "నోరు తెరిచి అడిగితే కాదనలేకపోయా షఫీ" అంది. అంతటి నోరుగల మనిషి గొంతు వినీ వినబడనంత సన్నబడింది.

నేను చెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకున్నాను. వేళ్ల సందుల్లో ఆ వాసన ఇంకా ఉంది. నేను మాట్లాడకపోతే ఆ మాట అంకమ్మ మీదే నిలిచిపోయేది. మా ఇంట్లో నన్ను అనుమానించే వాళ్లెవరూ లేరు. ఒక్క క్షణం ఆ ఊరట నాకు తగిలింది. అంతకంటే సిగ్గుచేటు ఇంకేముంటుంది? కానీ ఏ వైద్యం చెయ్యాలో తెలియాలంటే డాక్టరమ్మకి నిజం కావాలి.

"గోంగూర తిందమ్మా" అన్నాను. "నిన్న పురుగు మందు కొట్టిన గట్టు మీదది. నేనే కోశాను, నేనే తినిపించాను."

డాక్టరమ్మ వెంటనే ఏ మందు కొట్టారని షఫీక్‌ని అడిగింది. వాడు పేరు చెప్పి నా వైపు తిరిగాడు.

"మండ గుచ్చాను గదే అమ్మా. చూళ్లేదా?"

"చూశాన్రా."

"మరి?"

"గడ్డి మాత్రం అక్కడ కొయ్యలేదు. గేదె సూడిది కదా అని."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ నాకే అర్థం కాలేదు. వాడు తల గోడకి ఆనించుకున్నాడు. తిరిగి నన్ను పొడవడానికి అంకమ్మకి అంతకంటే మంచి అదను దొరకదు. ఆమె మాత్రం నేల చూస్తూ ఊరుకుంది. ఆ ఊరుకోవడం నేను ఓర్చుకోలేకపోయాను. తిట్టినా బాగుండేది.

పొట్ట మీద మిషను పెట్టారు. అది ముందు గరగరమంది, తర్వాత గుర్రం దౌడు తీసినట్టు బిడ్డ గుండె చప్పుడు గదినిండా వినబడింది. సమీరా ఏడ్చింది. నేను బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను.

సెలైను పెట్టి, రెండు రోజులు ఉంచుకుని పంపారు. మందు వల్లే జరిగిందో, మరో దాని వల్లో తేల్చి చెప్పలేనంది డాక్టరమ్మ. బిడ్డకి మాత్రం ఇప్పటికి భయం లేదంది. బాగా పండిన బొప్పాయి తినొచ్చట, పచ్చిది, దోరది ముట్టుకోకూడదట. ఆకుకూర ఎంత కడిగినా సరే, మందు కొట్టిన చోటుదైతే వద్దంది. "ఏ కూరైనా ఎక్కడ కోశారో అడిగి తినమ్మా" అని సమీరాకి చెప్పింది. నాకేసి చూడకుండానే చెప్పింది పాపం.

ఇంటికొచ్చాక కంచం తెచ్చి పెడితే, సమీరా చెయ్యి కడుక్కుని, "ఇది ఎక్కడిది నానమ్మా?" అని అడిగింది. కోపంగా కాదు, మెత్తగానే. అప్పట్నుంచి ప్రతి పూటా అడుగుతోంది. అడగడం మంచిదే. అడిగినప్పుడల్లా నా చెయ్యి మాత్రం కంచం దగ్గర ఆగిపోతోంది.

నిన్న అంకమ్మ గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను. లోపలికి రమ్మంది. వెళ్లలేదు నేను.

"పండిన కాయేమన్నా ఉంటే ఒకటి పెట్టు అంకమ్మా."

"గేదెకా వదినా, పిల్లకా?"

"పిల్లకే."

ఆమె నవ్వలేదు. చెట్టు దగ్గరికెళ్లి కాయలు నొక్కి నొక్కి చూసి, బాగా మగ్గింది కోసి, గింజలు తీసి, ముక్కలు గిన్నెలో వేసింది. నువ్వే పట్టుకెళ్లి ఇవ్వు, నా చేత్తో ఇస్తే ఎక్కడిదని అడుగుతుంది అన్నాను.

"అడగనీ" అంది అంకమ్మ, గిన్నె నా చేతిలో పెడుతూ. "చెట్టు ఎవరిదో నీ నోటితోనే చెప్పు."

అరుగు మీద ఆ రోజున్న ఆడవాళ్లే ఉన్నారు. సమీరా వాళ్ల మధ్య కూర్చుని ఉంది. గిన్నె చూసి తలెత్తింది.

"ఎక్కడిది నానమ్మా?"

"అంకమ్మ వాళ్ల చెట్టుదమ్మా" అన్నాను, అందరికీ వినబడేలా. "ఆ రోజు నేను తొట్టిలో పడేశానే, ఆ చెట్టుదే."

పిల్ల ఒక ముక్క తీసుకుంది. గోడ అవతల అంకమ్మ చీపురు చప్పుడు కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.