కొంగున కట్టిన అద్దాలు

వడమాలపేట హైస్కూలు గేటుకు కట్టిన గుడ్డమీద ‘ఒక్కరోజులో నూరు కంటి ఆపరేషన్లు’ అని రాయించాడు శిబిరం పెట్టించిన దామోదరం. కళ్ళు తర్వాత సంగతి. ముందు నూరు కావాలి.

వరదమ్మ నుదుటికి తెల్ల పట్టీ అంటించి అరవై రెండు అని వేశారు. ఆమెకు మిగిలింది ఎడమ కన్నొకటే. కుడికన్ను రెండేళ్ళ కిందట ఇలాంటి శిబిరంలోనే పోయింది. పొర తీస్తుండగా లోపలినుంచి నెత్తురు ఎగదన్నింది. ఏమైందని అడిగితే, బల్లమీద దగ్గినావు, అందుకే పోయింది అన్నారు. తప్పు ముసలిదాని నెత్తిన రుద్ది చేతులు కడుక్కున్నారు. ఆమె నమ్మింది. ఈసారి దగ్గు రాకూడదని పొద్దుటినుంచి నీళ్ళు కూడా ముట్టలేదు.

కూతురు కుప్పమ్మ మాత్రం నమ్మలేదు. తల్లికి తోడబుట్టిన అక్క, పెద్దమ్మ మునిలక్ష్మి కన్నూ అట్లే పోయింది. ఆమె దగ్గలేదు. ఆ ఇంట్లో అందరివీ లోపలికి పోయిన బుల్లి కళ్ళు. ఊళ్ళో గురిగింజ కళ్ళోళ్ళు అని ఎగతాళి చేస్తారు.

వరదమ్మ పాత అద్దాలు కుప్పమ్మ కొంగున మూటగా ఉన్నాయి. సోడాబుడ్డి అడుగంత మందం. అద్దాలున్నవాళ్ళకు కొత్తవి ఇవ్వరని ఎవరో చెబితే, రాగానే తల్లి తీసి దాచమంది.

“అద్దాల మాటెత్తబాక మే,” అంది మళ్ళీ. “నోటికాడిది పోతాది.”

లోపలినుంచి అరవై ఒకటి అని పిలిచారు. కుప్పమ్మ లేచింది. దామోదరం అడ్డొస్తే పక్కకు తోసి, డాక్టరు దేవనాథన్ ముందు ముడి విప్పింది.

“మాయమ్మవి సామీ. ఇంగో కన్ను ఇట్లే పోయింది. మా పెద్దమ్మదీ పోయింది.”

దేవనాథన్ అద్దాలు ఎత్తి చూశాడు. మొహం మారింది. వరదమ్మను పిలిపించి, టార్చి వేసి, చిన్న స్కేలు కంటికి దగ్గరగా పట్టి కొలిచాడు. నుదుటి పట్టీ ఊడబీకాడు.

“మామూలు కంటికి ఇవి పెడితే అంతా మసకే. ఇంత మందం కావాలంటే కన్ను పుట్టుకతోనే చిన్నది. కోసి వొత్తిడి ఒక్కసారి దించితే వెనక నరం తెగి నెత్తురు కక్కుతాది. ముందు మందుతో వొత్తిడి దించాల. తెల్లగుడ్డుకు సన్న కిటికీలు కోసి, వెనక చేరే నీరు పోయే దారి పెట్టాల. ఆ పైన పొర. ఈ బెంచీల మీద కాదు. మద్రాసుకు పో, చీటీ రాసిస్తా.”

దామోదరం గొణిగాడు. “ఒకటి తగ్గుతాది సామీ.”

“నీదొకటి ఇయ్యి,” అన్నాడు దేవనాథన్ తలెత్తకుండా.

ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు. కొత్త అద్దాలు పోయాయని వరదమ్మ తిడుతూనే ఉంది. కుప్పమ్మకు ఇరవై నాలుగేళ్ళు. చదువు వచ్చినా బస్సు బోర్డు ఏదని పక్కవాళ్ళనే అడిగేది. సూదిలో దారం ఎక్కించబోతే తలనొప్పి. నిద్ర చాలకేమో అనుకునేది.

దూరంగా బస్సు కనిపించింది. ఎందుకో కుప్పమ్మ కొంగు ముడి విప్పి తల్లి అద్దాలు పెట్టుకుంది.

పుత్తూరు.

ఒక్కో అక్షరం విడివిడిగా. కొండమీద ఒక్కో రాయీ. ఎక్కడా మసక లేదు.

“ఏం సూస్తా ఉండావు?” అంది తల్లి.

“ఏం లేదు మా. బస్సొస్తా ఉండాది.”

అద్దాలు తీసి కొంగున ముడేసింది. మామూలు కంటికైతే అంతా మసకే అన్నాడు డాక్టరు.