గాలి దొర కుర్చీ

మోషే తాగి చావలేదు. ముందు ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత కథ వినండి.

పలకల క్వారీ గుంతలోంచి అతన్ని పైకి తెచ్చాక ఆసుపత్రికి నా ఆటోలోనే తీసుకుపోయాను. క్రేను తాడు తెగి, తొట్టితో సహా నూరడుగుల లోతుకు పడ్డాడు. తాడు పోగులు లేచిపోయాయని వారం ముందే మేస్త్రీకి చెప్పారు. మార్పిస్తాంలే అన్నాడు. మార్చలేదు. ఆటోలో మోషే తల నా తమ్ముడి ఒడిలో ఉంది. ఆ నోటి దగ్గర రాతిపొడి వాసన తప్ప మరో వాసన లేదు.

మర్నాడు ఒక టీవీ చానల్ వాళ్లు వచ్చి మోషే భార్య రేచల్ ముందు మైకు పెట్టారు. అరగంట మాట్లాడించారు. ఆమె ఏడ్చినప్పుడల్లా కెమెరా దగ్గరికి తెచ్చారు. మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర అందరం గుంపుగా నిలబడి చూశాం. "మద్యం మత్తులో గుంతలో పడి వ్యక్తి మృతి." రేచల్ ఏడుపు ఉంది, ఒక్క మాట లేదు. ఆ తర్వాత తెల్లచొక్కాలో క్వారీ ఓనరు వచ్చాడు. "అతను మా కూలీ కాదండీ. మేకల వెంట వచ్చి పడినట్టున్నాడు. పాపమని మట్టి ఖర్చులకిచ్చాం" అన్నాడు.

రేచల్ నా వైపు తిరిగింది.

"నరేషూ, మీ అన్న ఎప్పుడన్నా తాగినాడా?"

"లేదు వదినా."

"పరిహారం ఇయ్యకపోతే పాయె. ఆ మాట మాత్రం తుడిపించండి. రేపు నా బిడ్డను బళ్ళో తాగుబోతోడి కూతురంటారు."

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందర కూర్చున్నాం. అర్జీ పెడదామని ఒకరన్నారు. ఇంతకుముందు మూడు పెట్టినాం గదా, ఏమొచ్చింది అని ఇంకొకరు. అప్పుడు అరుణకుమారి లేచింది. డిగ్రీ చదువుతూ, సెలవుల్లో ఫ్యాక్టరీలో పలకలకు చట్రాలు బిగించే పిల్ల.

"టీవీ వాళ్ళది. ఫోను మనది. మనమే తీద్దాం."

"ఓనరు పేరెత్తితే లోపలేస్తారు పాపా" అన్నాడు కరుణాకరం. నలభై ఏళ్లు క్వారీలో రాయి చీల్చినవాడు, ఇప్పుడు నాలుగడుగులు నడిస్తే ఆయాసం.

"పేరెత్తొద్దు తాతా. ఊరి పేరూ వద్దు. ఇంకో గ్రహం మీద, ఇంకో నూరేళ్ళకు జరిగే కథ. అక్కడ గాలంతా ఒక దొరది. కూలోళ్ళు రాయి కొట్టి గాలి కొనుక్కుంటారు. ఎవురన్నా చస్తే, వాడు మా గ్రహమోడే కాదంటాడు దొర."

అందరికంటే ముందు ముసలి కోటమ్మ నవ్వింది. "ఏం గ్రహమే అది, మన క్వారీనే గదా!"

"ఆ మాట నువ్వన్నావు అవ్వా. నేనన్లే."

మరి తీయడానికి ఖర్చు? దానికి దారి కోటమ్మే చూపింది. మా సంఘంలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు దేవుని పేరున ఒక పిడికెడు పక్కన తీస్తారు. ఆదివారం కోటమ్మ పట్టే సంచిలో పోస్తారు. "కానుక బియ్యం కానుకకే. ఇంకో పిడికెడు తీద్దాం. అది మోషేకి" అంది.

సిమెంటు సంచులు కుట్టి అంతరిక్షం బట్టలు చేశాం. మోటారు సైకిలు హెల్మెట్లు పెట్టాం. క్వారీ సెలవు రోజున రోడ్డు పక్కన నిలబడి, వెనక క్రేను కనపడేట్టు తీశాం. శబ్దం పట్టే పని నాది. గాలి కొనుక్కునే కూలీగా రేచల్ వేసింది. దొరగా కరుణాకరం.

తంటా అక్కడే వచ్చింది. చర్చి ప్లాస్టిక్ కుర్చీకి వెండి కాగితం చుట్టి వేశాం. కూలీలంతా ఎదురుగా నిలబడ్డారు. అరుణ "యాక్షన్" అనగానే కరుణాకరం లేచి నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తాతా, దొరవు నువ్వే!"

"తెలుసు పాపా. మోకాళ్ళు మాట ఇనడం లే."

ఏడుసార్లు తీశాం. ఏడుసార్లూ లేచాడు. నవ్వీ నవ్వీ ఆఖరికి ఎవరికీ నవ్వు రాలేదు. నలభై ఏళ్లు ఓనరు ముందు కూర్చోని మనిషి, ఉత్త కుర్చీకి కూడా భయపడుతున్నాడు. చివరికి పలకల కుప్ప మీద గొంతుకూర్చోబెట్టి, ఛాతీ పైభాగమే తీశాం. మీరు చూసిన ఆ గాలి దొర కుర్చీలో లేడు.

మొదటి భాగం యూట్యూబ్‌లో పెట్టాం. చివర్లో రేచల్ హెల్మెట్ తీసి, "రెండో భాగం కావాలనుకుంటే పిడికెడు పక్కన తియ్యండి" అంది. హనుమంతునిపాడు నుంచి బియ్యం మూట బస్సులో వచ్చింది. కనిగిరి దర్జీ ఒకాయన వెండి రంగు గుడ్డ పంపాడు. మా వైపు నుంచి హైదరాబాదుకు మట్టి పనికి పోయినవాళ్లు తలా ఒక రోజు కూలీ పంపారు. దొనకొండ విద్యార్థులు సొంత ఫోన్లతో వచ్చి మాతోనే ఉండిపోయారు.

అప్పుడు ఆ చానల్ మనిషే మళ్లీ వచ్చాడు. "మా టీవీలో వేస్తాం. చివర్లో దొర మంచివాడని తేలాలి. చచ్చినవాడిదే అజాగ్రత్త అనాలి. అంతే."

"టీవీలో వస్తే ఊరూరా చూస్తారు గదా" అని మాలోనే కొందరు గొణిగారు. ఎందుకు దాచాలి, నేనూ గొణిగాను.

రేచల్ ఒక్కటే అంది. "మొన్న ఊరూరా చూసినారు గదా నరేషూ."

కుదరదని చానల్ మనిషికి నేనే చెప్పాను. అతను వచ్చిన కారులోనే పోయాడు.

రెండో భాగంలో తాడు తెగింది. మూడోనాటికి ఓనరు కేసు పెట్టాడు. అరుణనూ కరుణాకరాన్నీ నన్నూ స్టేషనుకు పిలిచారు. ముగ్గురిని పిలిస్తే రెండు వందల మంది వెళ్లాం. ఆడవాళ్లు వరండా అంతా నిండిపోయారు. దొనకొండ పిల్లలు కిటికీల దగ్గర నిలబడ్డారు.

"ఇది వేరే గ్రహం కథ సార్" అంది అరుణ.

"ఏంది వేరే గ్రహం!" అని ఎస్సై పక్కన కూర్చున్న ఓనరు బల్ల మీద చరిచాడు. "ఆ గుంత నాది, ఆ క్రేను నాది, ఆ తాడు నాది. ఆ చచ్చేటోడు నా కాడ పనిచేసిన మోషే గాడేనని లోకమంతా తెలుసు!"

 రేచల్ ముందుకొచ్చింది.

"నీ కాడ పనిచేసినాడా అయ్యా? కూలోడే కాదన్నావు. తాడు నీదేనా? మేకల వెంట వచ్చి పడినాడన్నావు."

ఓనరు ఎస్సై వైపు చూశాడు. ఎస్సై నా ఫోను లాక్కున్నాడు, అరుణ ఫోను లాక్కున్నాడు. "దొర వేషం వేసింది ఎవడ్రా?" అని అరిచాడు.

కరుణాకరం గోడ పక్కనున్న కుర్చీని రెండు చేతులా లాక్కున్నాడు. ఓనరు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. తువ్వాలు భుజం మీదే ఉంది.

"నేనే."

"లెయ్!"

"మోకాళ్ళు మాట ఇనడం లేదు సార్."

ఎస్సై లాఠీతో ఆ మోకాళ్ల మీదే కొట్టాడు. మూడు దెబ్బలు లెక్కపెట్టాను, తర్వాత లెక్క తప్పింది. ముసలాయన కుర్చీ చేతులు పట్టుకుని కూర్చునే ఉన్నాడు. అది చూసి కోటమ్మ నేల మీద చతికిలబడింది. ఆమె పక్కన రేచల్. వరండాలో ఆడవాళ్లంతా, మెట్ల మీద మగవాళ్లంతా కూర్చున్నారు. "మేమూ లెయ్యం!"

అరుణను పిలిచినప్పుడల్లా రావాలని నోటీసిచ్చి పంపారు. కరుణాకరాన్నీ నన్నూ రిమాండు చేశారు. చానల్ మమ్మల్ని "బెదిరింపుల ముఠా" అంది. రేచల్‌కు ఇప్పటికీ పైసా పరిహారం లేదు.

పదో రోజు రేచల్ జైలుకు ములాఖత్‌కు వచ్చింది. మూడో భాగం వచ్చేసిందట.

"దొర వేషం ఎవురేసినారు వదినా?"

"ఎవురూ ఎయ్యలే. కుర్చీ ఖాళీగా పెట్టినారు. కిటికీ కాడ పిల్లోళ్ళు పట్టిన ఓనరు గొంతు దాని మీద పెట్టినారు. ఆ గుంత నాది, ఆ తాడు నాది, మోషే నా కాడ పనిచేసినాడు." ఆమె చువ్వలు పట్టుకుంది. "బళ్ళో నా బిడ్డను ఇప్పుడు ఎవురూ ఆ మాట అనట్లే."

నా భుజం ఆసరాగా నిలబడ్డ కరుణాకరం దగ్గు ఆపుకుని అన్నాడు.

"నాలుగో భాగానికి ఆ కుర్చీ నాకుంచమని చెప్పమ్మా. ఈసారి కాళ్ళు కూడా కనపడేట్టు తియ్యమను."