జనవరి కాగితంలో మే నెల

డబ్లిన్‌లో పాత సర్కారు కాగితాలు దాచిన భవనంలో, చదువుకునే గదికి వచ్చేవాళ్లు వానకోటు వెంట తెచ్చుకుంటారు. ఏ కట్ట నాడా విప్పినా, ఆ కాగితం రాసిన రోజున బయట ఎలాంటి వాతావరణం ఉండేదో అది వచ్చి ఆ బల్ల చుట్టూ కమ్ముకుంటుంది. వాన పడితే గుమస్తా ఫింటన్ తుండుగుడ్డ పట్టుకొస్తాడు. ఎండ కాస్తే పక్కబల్లల వాళ్లు కుర్చీలు దగ్గరికి జరుపుకుంటారు. కాగితాలు మాత్రం తడవవు.

నూలా అక్కడికి ఏళ్ల తరబడి వస్తోంది. ఇంగ్లీషు దొరతనం మీద క్లేర్ జిల్లా తిరగబడిన రోజుల గురించి పుస్తకం రాస్తోంది. పోలీసు నివేదికలు, కోర్టు వాంగ్మూలాలు, నష్టపరిహారం అర్జీలు, అన్నీ చదివింది. మొదట్లో ఎవరిదో ఇల్లు తగలబెట్టారని చదివితే ఆ పూట తిండి సయించేది కాదు. ఇప్పుడు ‘ఇల్లు, పశువుల కొట్టం, ముసలావిడ’ అని రాసుకుని, పెన్సిల్ చెక్కుకుని, పేజీ తిప్పేస్తుంది. భర్త పోయినప్పుడు కూడా ఆమెకు ఏడుపు రాలేదు. పరామర్శకు వచ్చినవాళ్లకు టీ పోస్తూ, పాలు సరిపోతాయా లేదా అని చూసుకుంది.

ఒక మంగళవారం ఆమె విప్పిన కట్టలో పై కాగితం మీద కార్మాక్ లినాన్ అన్న పేరు కనబడింది. ఆమె తాత. 1921 మార్చిలో తిరుగుబాటుదార్లు ఆయన్ని ఇంట్లోంచి పిలుచుకెళ్లి కాల్చేశారు, పోలీసులకు ఉప్పందించాడని. కాగితం కూడా అదే చెబుతోంది. ఆ ఏడాది జనవరిలో మంచు పడుతుండగా కార్మాక్ లినాన్ ఠాణాకు నడిచొచ్చి, ఎవరెవరు ఎక్కడ దాక్కున్నారో చెప్పాడట. కింద అదే రోజు తేదీ, అధికారి సంతకం.

కానీ మంచు రాలేదు. వెచ్చటి గాలి వీచింది. కంచెల మీద ముళ్లపొదలు తెల్లగా పూసిన వాసన. చలి పోతే గానీ ఆ దేశం రాని కోయిల ఎక్కడో కూసింది.

పక్కబల్ల దగ్గరి బడిపంతులు స్వెటర్ విప్పుకుంటూ, "మే నెల ఎవరు తెరిచారండీ? బతికించారు," అన్నాడు.

"నేనే."

ఫింటన్ వచ్చి కాగితం వైపు వంగి చూశాడు. "జనవరి అని ఉందే!"

"ఉంది."

"అయితే అబద్ధం, నూలా గారూ. ఆయన్ని చంపేశాక తీరిగ్గా కూర్చుని రాశారు. నిజంగా ఉప్పందించేవాడు ఇంకెవడో ఉండుంటాడు. వాణ్ని కాపాడుకోవాలిగా, పోయినవాడి నెత్తిన రుద్దేశారు."

నూలా పెన్సిల్‌తో ‘మే’ అని రాసుకుంది. ఏడుపు రాలేదు. రావాలి కదా అని మాత్రం అనిపించింది.

ఇంట్లో ఎత్నా అత్త ఉడికిన బంగాళాదుంపలకు తొక్క తీస్తోంది. కార్మాక్ కూతురు. తండ్రి పోయేనాటికి చిన్నపిల్ల. పాతికేళ్లొచ్చేదాకా క్లేర్ జిల్లాలోని సొంతూరు కిల్‌బ్రాక్‌లోనే పెరిగింది. చర్చిలో వాళ్ల బెంచీ మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. తర్వాత డబ్లిన్ వచ్చి బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేరి, పెళ్లీ పెటాకులూ లేకుండానే రిటైరైంది.

నూలా చెప్పిందంతా విని, "నన్ను తీసుకెళ్లు," అంది అత్త.

మర్నాడు నూలా ఆ కట్ట మళ్లీ తెరిస్తే, అత్త ఆ బల్ల ముందు కూర్చుని తలగుడ్డ విప్పుకుంది. కళ్లు మూసుకుని చాలాసేపు ఆ గాలి పీల్చింది.

"మే నెలకి మా నాన్న మీద గడ్డి కూడా మొలిచింది," అంది.

ఫింటన్ గొంతు తగ్గించి, "తర్వాతి కట్టలో ఆ అసలు మనిషి పేరు ఉండొచ్చమ్మా. తెమ్మంటారా?" అన్నాడు.

"వద్దు నాయనా. ఆ ఇంట్లోనూ ఓ ఆడపిల్ల ఉండే ఉంటుంది."

బయటికొచ్చాక అత్త, కారు ఇంటికి కాదు, కిల్‌బ్రాక్‌కి పోనివ్వమంది. పశ్చిమానికి చాలా దూరం పోయాక చెప్పింది.

"తైగ్ అని ఒకడున్నాడే అక్కడ. నన్ను చేసుకుంటానన్నాడు. మా నాన్నని కాల్చమన్నది వాళ్ల నాన్నే. ‘దాన్ని తెచ్చావంటే ఇంటికి నిప్పు పెట్టేస్తా’ అన్నాడు ముసలాడు."

"నువ్వేమన్నావత్తా?"

"ఏమంటాను? బస్సెక్కాను. వాడూ చేసుకోలేదని విన్నాను, మొండివెధవ."

కిల్‌బ్రాక్‌లో సన్నగా తుంపర పడుతోంది. తైగ్ కర్ర ఊనుకుంటూ వచ్చి తలుపు తీశాడు. వెనకే ఓ ముసలి కుక్క. నూలా కారులోనే ఉండిపోయింది, అద్దం దించుకుని.

"ఎత్నావా?"

"నేనే. ఠాణా కాగితం విప్పి చూశాం. జనవరి అని రాసుంది. వచ్చింది మే నెల గాలి."

ఆ దేశంలో కాగితపు గాలితో ఎవరూ వాదించరు. తైగ్ కర్రని గుమ్మానికి ఆనించాడు.

"కోయిల కూసిందా?"

"కూసింది."

అతను టోపీ తీసి గుండెకు అదుముకున్నాడు. "అయితే మా నాన్న..."

"మీ నాన్నా పోయాడు, మా నాన్నా పోయాడు. నేనిక్కడ తడుస్తున్నాను."

అతను తలుపుకు అడ్డం తప్పుకున్నాడు. ఎత్నా లోపలికెళ్లింది. కుక్క కూడా ఆమె వెనకే వెళ్లిపోయింది.

పొగగొట్టంలోంచి వచ్చే పొగ చిక్కబడింది. చీకటి పడే వేళకు అత్త గుమ్మంలోకి వచ్చింది. ఒంటి మీద కోటు లేదు, చేతిలో పళ్లెం తుడిచే గుడ్డ ఉంది.

"నువ్వెళ్లవే, పొద్దు పోతోంది. శనివారం నా బట్టలు తెచ్చి పడెయ్."

"మరి మాత్రలో?"

"అవీ తే. వాడికి కూడా మోకాళ్ల నొప్పులేనట," అంటూ వెనక్కి తిరిగి లోపలున్న తైగ్‌ని కసురుకుంది, కెటిల్ పొంగిపోతోంది కనబడటం లేదా అని.