పీకేసిన పిన్నులు

విరిగిన ఎముకలకు వేసే కొత్తరకం పిన్నును ముందు కుందేళ్ళ తొడల్లో పెట్టి చూశారు. ఆ తొడలోంచి తీసిన కండలో లోహపు పిన్ను ఉంటే కోత యంత్రం కత్తికి అంచు పోతుంది. స్ఫాక్స్‌ పట్టణంలోని ఆ ప్రయోగశాలకు ఉన్నది ఒక్క కత్తి. అందుకని నజ్వా పన్నెండు ముక్కల్లోంచీ పిన్నులను పట్టకారుతో లాగేసి, మిగిలిన కండను పలచగా కోసింది. రంగు వేసి చూస్తే పిన్ను ఉన్నచోట ఖాళీ గుంట, చుట్టూ ప్రశాంతంగా కండ. ‘శరీరం ఒప్పుకుంది’ అని నివేదికలో రాసి సంతకం పెట్టింది.

గురువారం ఉదయం, ఆ పిన్నులు దాచిన సీసాను సర్దుతుంటే ఒకదాని మీద పాల మీగడలాంటి పొర కనిపించింది.

పొరను గీకి గాజు పలక మీద పరిచి, నీలిరంగు చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఇంతింత కణాలు. ఒక్కొక్కదానిలో ఇరవై, ముప్పై కేంద్రకాలు. మింగుడుపడని దాన్ని ఎలాగైనా మింగాలని ఒకదానిలో ఒకటి కలిసిపోయినవి. గుంటను ఖాళీ చేసింది తనే. శరీరం చేసిన యుద్ధమంతా పిన్నుతోపాటే ఊడివచ్చింది.

రెండోదీ అంతే. మూడోది తీయడానికి ధైర్యం చాలలేదు.

"అమ్మాయ్, నీ కుందేళ్ళు బాగా గంతులేశాయటగా?"

తలుపు దగ్గర జొహ్రా ఖాల్తీ, అందరూ పిన్నీ అని పిలిచే మనిషి. ఆలివ్ కాయలు కోస్తూ నిచ్చెన మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ పిన్ను మొదటిసారి మనిషి ఒంట్లోకి వెళ్ళేది ఆ మధ్యాహ్నమే, ఆమె చేతిలోకే.

"ఎవరు చెప్పారు ఖాల్తీ?"

"నాకు ఆపరేషన్ చేసే మీ సీ మొంధెర్, డాక్టరుగారే. నజ్వా కంటినుంచి ఏదీ తప్పించుకోదన్నాడు. నాకు చదువా పాడా, నీ కన్నునే నమ్ముకున్నా."

సీసాను సింకులో బోర్లిస్తే చాలు, ఎవరూ అడగరు. ఆ ఆలోచన ఎంత మెత్తగా వచ్చిందంటే, కణాలకన్నా దానికే నజ్వా ఎక్కువ భయపడింది. తన లోపల ఇలాంటిది ఎన్నాళ్ళుగా కూర్చుని ఉందో.

ఫోను అందుకుంది. డాక్టరు నంబరు నొక్కింది.

"సీ మొంధెర్, ఖాల్తీ ఆపరేషన్ ఆపండి."

"ఏమైందమ్మా, కత్తి అంచు పోయిందా?" ఆయన నవ్వాడు.

"లేదండీ. పోకుండా పిన్నులు పీకేసి కోశాను."

అవతల నవ్వు ఆగింది. ఇవతల జొహ్రా ఖాల్తీ కట్టు కట్టిన చేతిని మెల్లగా గుండెల దగ్గరికి లాక్కుంది.